తులసిదళం చదివిన రాత్రులు

నేను తులసిదళం చదివిన. చదవడమే కాదు, వాడ ఆడోళ్లకు చదివి వినిపించిన. ఈ మాట సాహిత్య సభల్లో చెప్పడానికి ఇరవై ఏండ్లు సిగ్గుపడ్డ.

మా ఊళ్లె గ్రంథాలయం పెద్దకులపోళ్ల వీధిల ఉండె. లోపలికి రావద్దని ఎవరూ అనలే. అరుగు ఎక్కంగనే "ఎవల పిలగానివిరా?" అని అడిగెటోళ్లు, అంతే. బస్టాండు కాడ అద్దె పుస్తకాల డబ్బాల ఆ ప్రశ్న లేదు. రోజుకు పావలా. మధుబాబు షాడో, యద్దనపూడి రాజశేఖరం, యండమూరి, అందరూ నాకు అక్కడే దొరికిండ్రు.

రాత్రి కందిలి చుట్టూ మా అమ్మ, పెద్దమ్మ, ఇంకా నలుగురు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేటోళ్లు. నేను చదివేటోణ్ని. కత్తెర చప్పుడు ఆగిందంటే యండమూరి గెలిచినట్టు. తర్వాత కాలేజీల ఒక అన్న మాలపల్లి చేతిల పెట్టిండు, 1922 నాటి నవల. సంగదాసు చచ్చిపోతే ఏడ్చిన. గొప్ప నవలే, కాదనను. కానీ అందులోని ఉపన్యాసాలు మా వాడల చదివితే చాటలు ఎత్తుకుని లేచిపోయెటోళ్లు. వాక్యం ఉరకడం నేను యండమూరి దగ్గరే నేర్చుకున్న.

కాష్మోరా పేరు వచ్చిన రాత్రి అందరి చేతులూ ఆగినయి, పెద్దమ్మ చేతులు ఆగలే. తల వంచుకుని చుట్టుకుంటనే, "ఆ మంత్రగాన్ని దొరకవట్టి ఏం జేసిండ్రు బిడ్డా?" అని అడిగింది. ఆమెకు ముందటి పండ్లు లేవు. పటేలు ఇంట్ల బర్రె చచ్చిన ఏడు, చేతబడి చేసిందని చెట్టుకు కట్టేసి పట్కారుతో పీకిండ్రు, మంత్రం చదవడానికి నోరు తిరగొద్దని. నాకది తెలుసు. చదువుతుంటే మాత్రం యాదికి రాలే. నవల అంత బాగుంది మరి.

అభ్యుదయ విమర్శకులు దాన్ని క్షుద్ర సాహిత్యమన్నారు, మూఢనమ్మకాలు పెంచుతుందన్నారు. నిజమే. అయితే వాళ్ల దిగులంతా చదివేటోళ్ల మెదళ్ల గురించే. నవలల భయపడేది ఉద్యోగస్తుల ఇంటి చిన్నపిల్ల తులసి. భయపెట్టేది ఎక్కడో మారుమూల పల్లెల కాద్రా. సైన్సుకూ మంత్రానికీ మధ్య మనల్ని ఊగించి, తేల్చకుండా వదిలేస్తడు రచయిత. ఆ ఊగులాటే మజా. ఆ అనుమానం తేలకపోతే ఎవరి పండ్లు ఊడుతయో నేను చదివిన ఏ విమర్శలనూ లేదు. పైగా క్షుద్రమనే మాట వాళ్లకంటే ముందు మా ఊరి అయ్యగారు వాడిండు, పెద్దమ్మ మీద.

షాడో దొరికితే ఇప్పటికీ చదువుత. తులసిదళం కూడా మొన్న తీసిన. మొదటి పేజీలు ఎప్పటిలెక్కనే ఉరికిచ్చినయి. కాష్మోరా కాడ ఆగిన.

ఆ రాత్రి పెద్దమ్మకు "ఏం జేయలే, వదిలిపెట్టిండ్రు" అని చెప్పిన. అప్పటికి నేనింకా ఆ పేజీ దాకా రాలే. ఆమె ఇంకో ఆకు తీసుకుంది.