బాహుకుని జీతము

నలభీమపాకమని మనము తేలికగా అనుచుందుము గాని, ఆ నలునికి వంటకై జీతము ముట్టినట్లు భారతమున కానరాదు. రాజ్యము కోలుపోయి, రూపము మాఱి, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువు చేరిన ఆ మహారాజు, తనకు అశ్వశిక్షయు పాకవిద్యయు రెండును తెలియునని విన్నవించుకొనగా, ఋతుపర్ణుడు గుఱ్ఱముల పెత్తనమున కాతని నియమించి పదివేల వేతనము నిర్ణయించెను. వంటకు వేఱుగా వేతన మేమియు చెప్పక యూరకుండెను. రాజులు పోయిరి, హోటళ్లు వచ్చినవి. ఆ యూరకుండుట మాత్రము పోలేదు.

హైదరాబాదులో, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ప్రాంతములందు, ఇద్దఱు భుజించిన ఐదారువేలకు తక్కువ బిల్లు రాని భోజనశాలల వంటయిండ్లను పత్రికాపని మీద కొన్నింటిని చూచితిని. హాలులో శాలువ కప్పుకొనవలసినంత చల్లదనము. తలుపు దాటినచో, తందూరు ప్రక్క నిలిచిన గఢ్వాలీ మాస్టరునకు ఎగ్జాస్టు ఫ్యానే దిక్కు. కమీ త్రీ యని పిలువబడు క్రొత్త కుఱ్ఱవాడు, అప్పుచేసి ఫీజు కట్టి హోటల్ మేనేజ్‌మెంటు చదివినవాడు, పగలు పదకొండింటికి వచ్చి, మూడున్నరకు విడువబడి, మరల ఆఱున్నరకు చేరి, అర్ధరాత్రికి గాని ఆప్రాను విప్పడు. నడుమనున్న మూడు గంటలకు బ్రేక్ షిఫ్ట్ అని పేరు. గది దూరము, హాలులో కూర్చుండరాదు, ఆ గంటలకు జీతము లేదు. స్టోరుగదిలో బియ్యపు బస్తాలకు ఒఱగి నిద్రించువారిని చూచితిని.

ఇంతటి ధర పలుకు వంటకమును వండువాని కింత చౌక జీతమేల? వీధిచివరి టిఫిన్ సెంటరులో దోసె మాస్టరు ఒకనాడు రాకున్న పెనము చల్లబడును. కావుననే యజమాని అడ్వాన్సిచ్చి, బ్రతిమాలి యైనను నిలుపుకొనును. గోదావరి జిల్లాల పెండ్లివంట మాస్టరు బయానా పుచ్చుకొనక గరిటె పట్టడు. వారి వంటకము వారి చేతిలోనున్నది. పెద్ద భోజనశాలల రీతి వేఱు. పందొమ్మిదవ శతాబ్ది చివర లండనులోని సవాయ్ హోటలు వంటయింటిని నడపిన ఎస్కోఫియే, పనిని సైన్యమువలె విభాగములు చేసి, సాసు ఒకనికి, చేప ఒకనికి, కూరగాయ ఒకనికి, మిఠాయి మఱొకనికి అప్పగించు పద్ధతిని స్థిరపఱచెను. త్వర కుదిరినది, రుచి నిలకడ పొందినది. వంటకము మాత్రము ఏ యొక్కని చేతిలోను లేకుండబోయినది. పట్టకారుతో పళ్ళెమున ఆకు అమర్చువాడు నేడు మానివేసిన, రేపు వేఱొకడు అమర్చును. వంటకమునకు పేరు పెరిగినకొలది వండువానికి బేరమాడు బలము తగ్గుటకు ఇదియే హేతువని నా తలంపు. అద్దెలు భరింపరానివని యజమానులు చెప్పునది అబద్ధము కాదు. కాని అద్దె టిఫిన్ సెంటరువానికిని కలదు.

జీతమునకు బదులు విద్య నిచ్చుచున్నామను వాదము మఱియొకటి. ప్రపంచమున మేటి భోజనశాలగా ఐదుమాఱులు ఎన్నికైన కోపెన్‌హాగెన్ నోమా, స్టాజ్ అను పేర చేరిన శిష్యులకు 2022 అక్టోబరు వరకు జీత మీయలేదు. ఈయ మొదలిడిన కొలది నెలలకే, 2023 జనవరిలో, ఈ తీరున భోజనశాల నడపుట ఇక సాగదని అధిపతి రెనే రెడ్జెపీ ప్రకటించెను. జీతమొక్కటే కారణము కాదనుకొందము. అయినను, అంతవఱకు ఆ ఖర్చు ఎవరి జేబునుండి పోయినదో ఊహింప కష్టము కాదు.

మన దేశమున ఇ.ఎస్.ఐ. వైద్యమునకు 2017లో పెట్టిన హద్దు నెలకు 21,000 రూపాయలు. ఏండ్లు చాకిరిచేసి ఆ హద్దు దాటి వేయి రూపాయలు పెంచుకొన్నవానికి, కొన్ని నెలలు తిరిగిన పిమ్మట ఆ కార్డు పోవును. హోటలు వేఱుగా బీమా చేయింపనిచో, నడుము పట్టినను జ్వరము వచ్చినను సొంత ఖర్చే. శాశ్వతోద్యోగికి గ్రాట్యుటీ రావలెనన్న ఐదేండ్ల సేవ కావలెను. హోటలు మాఱినగాని జీతము పెరుగని వృత్తిలో ఐదేండ్లు ఒకచోట నిలుచు వా రెందఱు?

బిల్లులో సర్వీస్ ఛార్జి తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశింపగా, అది సిబ్బంది మేలుకొఱకేయని హోటళ్ల సంఘములు న్యాయస్థానమున వాదించినవి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ సంఘముల పిటిషన్లను త్రోసివేసినది. తినువానికి న్యాయము జరిగినది, సంతోషమే. కాని సిబ్బంది మేలునకు బిల్లు క్రింద వేఱొక పంక్తి కావలసివచ్చినదన్న, పళ్ళెము ధరలో ఆ మేలు లేదనియే కదా ఆ సంఘములు ఒప్పుకొన్నది! అప్పటినుండి టిప్పు పెట్టునపుడు ఇందులో వంటయింటికి భాగమున్నదా యని అడుగుచున్నాను. కొన్నిచోట్ల పాయింట్ల లెక్కన అందఱికి పంచుదుమని చెప్పిరి. తక్కినచోట్ల మేనేజరు పరుగున వచ్చి, "భోజనము బాగుగా లేదా, సార్?" అని అడిగెను.