పిలుపు అమ్మానాన్నలది

విదేశానికి సేవకు వెళ్లే కుటుంబాన్ని సాగనంపే కూడికలు మా తోటపల్లి గూడూరు చుట్టుపక్కల సంఘాల్లో అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. తండ్రి సాక్ష్యం చెబుతాడు, తల్లి పాట పాడుతుంది, శాలువాలు కప్పుతారు, కానుకలు ఇస్తారు. పిల్లలు వేదిక చివర నిలబడి ఉంటారు. వాళ్లు ఏ బడిలో చేరతారు, సాయంత్రం ఎవరితో ఆడుకుంటారు, జ్వరం వస్తే అమ్మమ్మ లేని ఇంట్లో పక్కన ఎవరు కూర్చుంటారు అనే మాట ఆ కూడికలో రాదు. పిలుపు వచ్చింది అమ్మానాన్నలకు. ఊరు వదలాల్సింది మాత్రం ఇంటిల్లిపాదీ.

మా చెల్లెలు, మరిది జాంబియాలో రాగి గనుల ప్రాంతంలో సేవ చేస్తున్నారు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఇక్కడే పుట్టింది, చిన్నవాడు అక్కడే పుట్టాడు. వాళ్ల పెంపకాన్ని ఫోన్లోనూ సెలవుల్లోనూ దగ్గరగా చూస్తున్నాను. సువార్త సేవ అంటే నాకు గౌరవం. మా ఇంటికి చదువు వచ్చిందే మిషన్ బడి వల్ల. ఆ గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. మిషనరీ బిడ్డ మిషనరీ కాదు. ఆ బిడ్డ బాల్యానికి, పంపించిన సంఘం పూచీ పడాలి.

నెల్లూరు వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. మనం ఎవరినో పంపకముందు మన దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టాడు. జబ్బు పడి 1846లో స్వదేశం వెళ్లాడు. 1849లో లైమన్ జూయెట్ దంపతులతో కలిసి మళ్లీ నెల్లూరు చేరినప్పుడు ఆయన భార్యాబిడ్డలు వెంట లేరు, అమెరికాలోనే ఉండిపోయారు. ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని 1853లో ఆయన తిరిగి వెళ్లేదాకా ఇక్కడ తండ్రి, అక్కడ పిల్లలు. సూయజ్ కాలువ ఇంకా లేదు, ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, ఉత్తరానికి జవాబు అందాలంటే నెలలు పట్టేది. పిల్లవాడు పన్ను ఊడిందని రాస్తే, తండ్రి చదివేనాటికి కొత్త పన్ను వచ్చేసి ఉంటుంది. ఆ రోజుల మిషన్ చరిత్రలు చదివితే ఎంతమంది బాప్తిస్మం పొందారు, ఎన్ని బడులు పెట్టారు అన్నది వివరంగా ఉంటుంది. ఇంటి దగ్గర పిల్లలు ఎలా ఉన్నారన్నదానికి ఒక వాక్యం దొరికితే గొప్ప.

తర్వాత తర్వాత ఆ సంఘాలే ఏర్పాట్లు చేసుకున్నాయి. మసాచుసెట్స్‌లోని న్యూటన్ సెంటర్‌లో, ఒహైయోలోని గ్రాన్‌విల్‌లో మిషనరీల పిల్లల కోసం బాప్టిస్టులు వసతి గృహాలు నడిపారు. గ్రాన్‌విల్ గృహానికి కీర్తనలకు బాణీలు కట్టిన డబ్ల్యూ.హెచ్.డోన్ భార్య ఫానీ పేరు పెట్టారు. పిల్లల్ని సముద్రం దాటించక్కర్లేకుండా 1901లో కొడైకెనాల్ కొండ మీద బడి మొదలైంది. దక్షిణ భారతంలోని రకరకాల మిషన్ల పిల్లలు అక్కడ చదువుకున్నారు. ఎండాకాలం తల్లులు కొండెక్కి కొన్ని వారాలు పిల్లలతో గడిపి మళ్లీ దిగివచ్చేవారు. అంత చిన్న వయసులో హాస్టల్ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నాకైతే మనసొప్పదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి: పిల్లల బాధ్యత తల్లిదండ్రుల సొంత గొడవ అని వాళ్లు వదిలేయలేదు. సంఘం డబ్బు పెట్టింది, ఇల్లు కట్టింది, అందులో ఒక పెద్ద దిక్కును ఉంచింది.

అంత చేసినా నొప్పి తీరలేదు. మన జిల్లాలో జబ్బు ముదిరితే రైలెక్కించేది వేలూరుకే. ఆ ఆస్పత్రిని పెట్టిన ఐడా స్కడర్ మిషనరీ బిడ్డ. 1870లో రాణిపేటలో పుట్టింది. 1876–78 కరువులో పసిపిల్లగా ఉండి ఆకలితో వచ్చిన పిల్లలకు రొట్టె ముక్కలు పంచింది. కరువు తర్వాత స్కడర్ కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నేళ్లకు తండ్రి, ఆ తర్వాత తల్లి భారతదేశానికి తిరిగివచ్చారు. అమ్మాయిని షికాగోలో బంధువుల ఇంట్లో ఉంచారు. తల్లి వెళ్లిన రాత్రి ఆ పిల్ల తల్లి దిండు పట్టుకుని ఏడ్చిందని జీవితచరిత్ర చెబుతుంది. మిషనరీని మాత్రం కాను అని గట్టిగా అనుకుంది కూడా. 1890లో తల్లికి జబ్బు చేస్తే చూసిపోదామని తిండివనం వచ్చింది. ఒక్క రాత్రిలో ముగ్గురు గర్భిణులు ఆడ డాక్టరు లేక చనిపోయారని తెలిసి మనసు మార్చుకుంది. వైద్యం చదివి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది.

ఈ కథను మన సండే స్కూళ్లలో చెప్పేటప్పుడు చివరి భాగమే చెబుతాం. నేను దిండు దగ్గర కాసేపు ఆగుతాను. ఆమె తిరిగి వచ్చింది కాబట్టి ఆ ఏడుపుకు అర్థం దొరికిందని అనుకోవడం తేలిక. తిరిగి రానివాళ్లు, విశ్వాసానికే దూరమైనవాళ్లు కూడా అలాగే ఏడ్చారు. పెర్ల్ బక్ చైనాలో మిషనరీల కూతురు. ఆ తల్లికి ఏడుగురు పుడితే పెద్దవాళ్లయింది ముగ్గురే. 1936లో ఆమె తల్లి గురించి ఒక పుస్తకం, తండ్రి గురించి ఇంకొక పుస్తకం రాసింది. ఒకే ఇంట్లో బతికిన ఇద్దరి కథ ఒకే పుస్తకంలో ఇమడలేదంటే, ఆ ఇంట్లో సేవకు, సంసారానికి మధ్య ఎంత ఎడం ఉండి ఉండాలి!

ఇక మనం పంపిన కుటుంబం సంగతి. నెల్లూరు మనిషి జాన్ రంగయ్య పేరు మన కొత్త తరానికి సరిగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, తెలుగు బాప్టిస్టులూ ఉన్నారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో తమ భాషలో వాక్యం చెప్పేవాళ్లు లేక పాస్టరును పంపమని ఇక్కడికి కబురు చేశారు. తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సొసైటీ 1903లో రంగయ్యగారిని పంపింది. భార్య కనకమ్మ తోడుగా ఆయన నేటాల్ వెళ్లారు. ఆ డిసెంబరులోనే కేర్స్‌నీ తేయాకు తోటల్లో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. అమెరికా డాలర్లతో కాదు, తెలుగు విశ్వాసుల కానుకలతో జరిగిన పని అది.

అది ఎలాంటి చోటో ఒక్క సంగతి చెబితే చాలు. ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. 1903లో, అంటే రంగయ్యగారు దిగిన ఏడాదే, ఆ పన్నును పిల్లల మీదికి కూడా పొడిగించారు: మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పదమూడు నిండితే చాలు. పదమూడేళ్ల పిల్లకు తలపన్ను! 1913లో అక్కడి భారతీయులు చేసిన సమ్మె తర్వాత, 1914లో గాని అది పోలేదు. అలాంటి తోటల మధ్య కనకమ్మగారు సంసారం ఎలా నెట్టుకొచ్చారో ఆలోచిస్తుంటాను. ఒక్కటి మాత్రం ఆమెకు కలిసొచ్చింది. చుట్టూ తెలుగే. గుడిలో తెలుగు, తోటలో తెలుగు, గిన్నెలో మన పులుసు. రంగయ్యగారు 1915లో చనిపోయారు. కొడుకు టి.ఎం. రంగయ్య తర్వాతి కాలంలో అదే దేశంలో సేవకుడయ్యారు. ఆ తరువాతి తరాలకు తెలుగు నిలవలేదు. డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషను కాపాడే ప్రయత్నం చేశారు, అయినా ఇంటి మాట ఇంగ్లీషైపోయింది, ఆరాధన కూడా ఇంగ్లీషైపోయింది.

మా చెల్లెలికి కనకమ్మగారి అదృష్టం లేదు. గుమ్మం దాటితే బెంబా, బడిలో ఇంగ్లీషు. తెలుగు ఆ నాలుగు గోడల మధ్యే. అందుకే అది ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రార్థన, అన్నం, తిట్టు – ఈ మూడూ తెలుగులోనే. మూడోది వింటే కొందరు నవ్వుతారు గాని, అదే అసలు గట్టిది. కోపం వచ్చినప్పుడు తల్లి ఏ భాషలో మాట్లాడుతుందో పిల్లలు ఆ భాషను మరిచిపోరు. శనివారం సాయంత్రం నేను ఫోన్ చేస్తాను. మనకు రాత్రి ఏడున్నరైతే వాళ్లకు నాలుగు. "చదువు ఎలా ఉంది" అని అడగను. అలా అడిగితే "బావుంది" అనేసి ఫోన్ అమ్మకిస్తారు. ఊరి కబుర్లు చెబుతాను. ఎవరి రొయ్యల గుంటకు జబ్బు తగిలింది, నాట్లు ఎంతవరకు వచ్చాయి, ఎవరి గేదె ఈనింది. దూడ పేరు పెట్టే బాధ్యత ఈసారి చిన్నవాడికి అప్పగించాం.

అక్కడ బడి జనవరిలో మొదలై డిసెంబరుతో ముగుస్తుంది కాబట్టి వాళ్లు వచ్చేది క్రిస్మస్‌కి. కిందటిసారి వచ్చినప్పుడు పెద్దపిల్ల అమ్మమ్మ ముందుకు వెళ్లి మోకాళ్లు కాస్త వంచి, రెండు అరచేతులూ గుంటలా చేసి మెల్లగా చప్పుడు చేసింది. మా అమ్మకు అర్థం కాలేదు. "ఏందే ఇది, చప్పట్లు కొడతావు?" అంది. జాంబియాలో పెద్దవాళ్లకు మర్యాద చేసే పద్ధతి అది. చెల్లెలు సంజాయిషీ చెప్పబోతే పిల్ల ముఖం చిన్నబోయింది. మా అమ్మ చప్పున గ్రహించి, తానూ అరచేతులు గుంట చేసి తిరిగి కొట్టింది. ఆ పూట వచ్చిన చుట్టాలకు అందరికీ అదే నేర్పించింది. ఆ మర్నాడు నెత్తళ్ల వేపుడు చేస్తే చిన్నవాడు "కపెంటా!" అని ఎగిరాడు. అక్కడ పెద్ద చెరువుల్లో పట్టి ఎండబెట్టే చిన్న చేపను అలా అంటారు, మొక్కజొన్న ముద్దలో నంజుకుంటారు. మొలగొలుకుల అన్నం పక్కకు నెట్టి, మొక్కజొన్న పిండితో ముద్ద చేసిపెట్టమన్నాడు. చేసిపెట్టాం.

ఇలాంటి పిల్లల గురించి లోకంలో మొదట లోతుగా ఆలోచించిన వాళ్లలో జాన్ యూసీం, రూత్ హిల్ యూసీం దంపతులున్నారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు. 1950లలో మన దేశంలోనే, ఇక్కడ పనిచేసే అమెరికన్ల మధ్య చేసిన అధ్యయనం నుంచి మూడో సంస్కృతి అన్న ఆలోచన వచ్చింది. అమ్మానాన్నల దేశానికీ ఉంటున్న దేశానికీ పూర్తిగా చెందని పిల్లలు తమలాంటి వాళ్ల మధ్యే ఇల్లు వెతుక్కుంటారని వాళ్ల తర్వాతి పరిశోధన చెప్పింది. మన తెలుగు మిషనరీ పిల్లలకు ఆ తోడు కూడా తక్కువ. పరరాష్ట్రాల్లో సేవచేసే కుటుంబాల పిల్లల కోసం తమిళనాడు ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్ దోనావూరులో సంతోష విద్యాలయం నడుపుతోంది. మన తెలుగు సంఘాలు కూడా ఆ మాట ఆలోచించాలి.

బడి కట్టలేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. సెలవుకు వచ్చిన పిల్లలను వేదికెక్కించి సాక్ష్యం చెప్పమనడం మానాలి. నివేదికల్లో వాళ్ల ఫొటోలు వాళ్లను అడగకుండా వేయకూడదు. "ఇండియా ఇష్టమా, ఆఫ్రికా ఇష్టమా" అని అడిగే చుట్టాన్ని ఎవరో ఒకరు ఆపాలి. పెద్దయ్యాక నువ్వూ నాన్నలా సేవకుడివవుతావు కదూ అనే దీవెన, వినడానికి తియ్యగా ఉన్నా, ఎనిమిదేళ్ల వాడి నెత్తిన బరువే. మా చిన్నవాడు మత్స్యశాస్త్రం చదువుతానంటున్నాడు. చదవనీ.

తల్లిదండ్రులకు చెప్పదగ్గది ఒకటే ఉంది నా దగ్గర: వచ్చిన ప్రతిసారీ అదే ఇంటికి రండి. సంఘాలు తిప్పడానికి ఊరికొక రాత్రి పడుకోబెడితే పిల్లలకు స్వదేశం అంటే కారు వెనక సీటు మాత్రమే గుర్తుంటుంది. మా ఇంట్లో వాళ్ల గది తలుపు పక్క గోడమీద ఎత్తు గీతలున్నాయి. సున్నం వేసేటప్పుడు ఆ మేర వదిలేయమని మేస్త్రీకి చెప్పాను.

డబ్బు విషయం కూడా తెగేసి మాట్లాడాలి. జాంబియా నుంచి చెన్నైకి నేరుగా విమానం లేదు, అడిస్ అబాబాలోనో దుబాయిలోనో మారి రావాలి. నలుగురి టిక్కెట్లంటే సేవకుడి జీతానికి అందే మాట కాదు. మా సంఘం జీతం పంపుతుంది, ఇంటి అద్దె పంపుతుంది, మోటారు సైకిలుకు కూడా ఒకసారి పంపింది. పిల్లల రాకపోకలకు పద్దు లేదు. జనవరి బడ్జెట్ కూడికలో రెండేళ్లకొకసారి పిల్లల టిక్కెట్లు, తెలుగు పుస్తకాల పార్సిలు అని వేరే పద్దు రాయమని అడగబోతున్నాను. స్త్రీల సమాజంలో నలుగురితో మాట్లాడాను. పిడికెడు బియ్యం కానుకలో ఒక భాగం అటు తిప్పుదామన్నారు. కోశాధికారిగారు ఇంకా ఏమీ అనలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికే వెళ్తున్నాం.