మూడు వందల ఏళ్ల అతుకు

మార్టూరులో హైవే పక్కన గ్రానైట్ పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి. బల్లికురవ వైపు కొండల నుంచి వచ్చిన బూడిదరంగు రాయి. గచ్చుకు పలకలు కొనబోతే పని తెలిసినవాళ్లు ముందు చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది: ఒకే బండలో కోసిన పలకలే తీసుకోమంటారు. వేరే బండది ఒక్కటి కలిసినా, ఎంత మెరుగు పెట్టినా, దీపం వెలిగించగానే ఆ తేడా కంటికి తగులుతుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఎర్రన గుర్తొస్తాడు. మా ఊరికి ఎంతో దూరం లేని అద్దంకిలో, రెడ్డిరాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న కవి. తనది కాని బండ పక్కన, మూడు వందల ఏళ్ల తర్వాత, తన పలక పరిచినవాడు.

ఒక మనిషి మనసులోని మాట ఇంకో మనిషికి ఉన్నదున్నట్టు చేరుతుందా? చిన్నప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. గుంటూరు యార్డులో ఒకే మిరప కుప్ప ముందు రైతు, వ్యాపారి నిలబడతారు. రంగు దిగలేదని రైతంటాడు, దిగిందని వ్యాపారి అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎవరి కన్ను వారిది, ఎవరి అవసరం వారిది. ‘ఎరుపు’ అన్న మాట ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది, ఒక్క ఎరుపు మాత్రం ఇద్దరికీ దొరకదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రాన్సులో ఈ అనుమానాన్ని చివరిదాకా తీసుకుపోయారు. 1967లో రొలాఁ బార్త్ రచయిత మరణించాడని రాశాడు. రాత పుట్టాక దాని అర్థం మీద రాసినవాడికి పెత్తనం లేదని ఆయన వాదన. అదే ఏడు జాక్ దెరిదా గ్రంథాలు వెలువడ్డాయి; మన విమర్శకులు ‘వినిర్మాణం’ అని పిలిచే పద్ధతి వాటితోనే ప్రచారంలోకి వచ్చింది. 1971లో మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలో దెరిదా ఇంకో మెట్టు ఎక్కాడు. రాసినవాడు లేకపోయినా, ఎవరి కోసం రాశాడో వాళ్లు లేకపోయినా పనిచేసేదే రాత అన్నాడు. అలా పనిచేస్తుంది గనకే అది ఎప్పుడూ కొత్త చోట, కొత్త అర్థంతో మొలకెత్తుతుంది, రాసినవాడి మనసును పూర్తిగా మోసుకురాదు.

ఈ మాట అద్దంకికి కొత్తది కాదు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం అక్కడే దొరికింది. తరువోజ పద్యం చెక్కిన రాయి అది. వేయించినవాడు లేడు, చదవవలసిన ఆనాటి జనం లేరు. రాయి మాత్రం తన పద్యం తాను చెబుతూనే ఉంది.

అయితే శాసనానికి ఒక సౌకర్యం ఉంది. దానం ఎవరు చేశారో, దాన్ని కాపాడినవాడికి ఏ పుణ్యమో చెబితే దాని పని తీరుతుంది. ఒక మనిషి మధ్యలో ఆపేసిన ఆలోచనను ఇంకో మనిషి అందుకోవడం అంతకన్నా చాలా కష్టమైన పని. నన్నయ పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోరిక మీద మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తయ్యాయి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో 142వ పద్యం దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ మిగులు జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు. అరణ్యపర్వం ముట్టుకుంటే కీడు జరుగుతుందన్న నమ్మకం ఒకటి జనంలో ఉండేదంటారు. అలా తెలుగు భారతం నడుమ ఒక గొయ్యి మిగిలింది. పద్నాలుగో శతాబ్దంలో దాన్ని పూడ్చినవాడు ఎర్రన.

ఇక నన్ను కట్టిపడేసేది ఆ అతుకు. మా తెలుగు మాస్టారు ఒకసారి క్లాసులో నన్నయ చివరి పద్యం, ఎర్రన మొదటి పద్యం ఆపకుండా ఒకే ఊపిరిలో చదివి, “అతుకు ఎక్కడుందో చెప్పండి” అన్నారు. మేం ఎవరం చెప్పలేకపోయాం. తర్వాత ఎన్నేళ్లకో ఆ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం లెక్కపెట్టాక గాని ఆ పనితనం ఏమిటో నాకు తెలియలేదు.

నన్నయ ఆగిపోయింది శరత్కాలపు రాత్రి వర్ణనలో. పైన నక్షత్రాలు హారాల్లా వరసలు కట్టి ఉన్నాయి. కలువల వాసన మోసుకొచ్చే గాలి. కర్పూరపు పొడి చల్లినట్టు ఆకాశమంతా నిండిన వెన్నెల. ఆయన వేసిన బొమ్మలో అంతా తెలుపే. ఇంకో సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను: ఆ పద్యంలో ఎక్కడా చప్పుడు లేదు. కంటికి, ముక్కుకు, ఒంటికి పని ఉంది గాని చెవికి ఏమీ లేదు. నిశ్శబ్దంగా వెలిగే రాత్రి అది.

ఎర్రన ముందు రెండు దారులున్నాయి. ఆ వెన్నెలనే ఇంకో పద్యంలో పొడిగించవచ్చు. నన్నయను బాగా చదివిన ఏ మంచి కవైనా చేయగలిగే పనే అది. లేదా అక్కడి నుంచి తన కథ తాను చెప్పుకుపోవచ్చు. ఎర్రన ఈ రెండూ చేయలేదు. తెల్లవార్చాడు. ఆయన మొదటి పద్యంలో శరత్కాలపు ఉదయాలున్నాయి. తెలుపు పోయి అరుణిమ వచ్చింది. మబ్బుల తెర తొలగింది. కలువలు మూసుకునే వేళకు తామరలు విచ్చుకుంటున్నాయి. నన్నయ రాత్రిలో లేని చప్పుడు ఇక్కడ ఒక్కసారిగా వస్తుంది: హంసలు, బెగ్గురు పక్షులు, తుమ్మెదలు కలిసి చేసే సందడి. రాత్రి ఎంత మౌనంగా ఉండిందో తెలిసినవాడే ఉదయాన్ని అంత చప్పుడుగా మొదలుపెట్టగలడు.

ఛందస్సు చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. నన్నయ పద్యం ఉత్పలమాల, ఎర్రనది చంపకమాల. ఈ రెండూ తోబుట్టువులు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసి, ఆ చోట రెండు లఘువులు పెడితే చంపకమాల అవుతుంది. మిగతా నడక అంతా అదే. ఇరవై అక్షరాలు ఇరవై ఒకటవుతాయి, పదో అక్షరం దగ్గరి యతి పదకొండుకు జరుగుతుంది. అంటే ఎర్రన నన్నయ నడకను వదలలేదు. పాదం మొదట్లో ఉన్న బరువును మాత్రం రెండు తేలిక అడుగులుగా విరిచాడు. రాత్రి బరువుగా మొదలైతే ఉదయం తేలిగ్గా లేచింది.

ప్రాస కూడా మారలేదు. నన్నయ పద్యంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం రేఫ. ఎర్రన పద్యంలోనూ నాలుగు పాదాలకూ అదే రేఫ. ‘శారద’ అన్న మాట సంగతి ఇంకా చిత్రమైనది. నన్నయ తన పద్యాన్ని ఆ మాటతోనే మొదలుపెట్టాడు. ఎర్రన దాన్ని తన పద్యంలో చివరి పాదం చివరి భాగానికి దాచుకున్నాడు. ఒకాయన తలుపు తీసిన మాటతో ఇంకొకాయన తలుపు వేశాడు. ఆ ఒక్క మాట రెండు కొసలా నిలబడి, నడుమ ఒక రాత్రిని, ఒక తెల్లవారుజామును పట్టుకుని ఉంది.

చీరాలలో మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలిపి వేళ్లతో మెలిపెడతారు. వేల పోగులు. ముడి వేస్తే పన్నెలో ఇరుక్కుంటుంది, అందుకే మెలి. లాగితే ఆగాలి, పన్నె సందులోంచి జారిపోవాలి. ఎర్రన చేసింది ఆ మెలి అని నాకనిపిస్తుంది.

ఎదుటివాణ్ని అర్థం చేసుకోవడమంటే అతను అన్న మాటను తిరిగి అనగలగడం అని చాలాకాలం అనుకున్నాను. బడిలో మాకు పరీక్షలు పెట్టింది అలాగే. ఎర్రన పద్యం నా చేత ఆ ఆలోచన వదిలించింది. నన్నయ అన్నది ఆయన తిరిగి అనలేదు; నన్నయ ఇంకా అనని దాన్ని అన్నాడు. రాత్రి తర్వాత ఏ గడియ రావాలో ఆలకించాడు. దీనికి నన్నయ తల ఊపి ఉండేవాడో లేదో చెప్పగలిగిన మనిషి లేడు. దెరిదా లేవనెత్తిన కష్టమంతా అక్కడే ఉంది, దాన్ని నేను కాదనను. నన్నయ మనసులో నిజంగా ఏ తర్వాతి పద్యం ఉండిందో మనకు ఎప్పటికీ చేరదు. అయినా ఈ ఉదయం ఆ రాత్రికి సరిపోయింది. ఆ సరిపోవడాన్ని ఏడు వందల ఏళ్లుగా తెలుగు చెవులు ఒప్పుకుంటూనే ఉన్నాయి. ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ధ్వని గురించి రాస్తూ దాన్ని అందుకోగల పాఠకుణ్ని సహృదయుడన్నాడు. కవికి సమానమైన హృదయం గలవాడని ఆ మాటకు తర్వాతివాళ్లు చెప్పిన అర్థం. ఎర్రన చదివి ఊరుకున్న సహృదయుడు కాడు. తన చదువు ఎంత లోతుదో రాసి చూపించాడు.

తాను పూరించిన భాగాన్ని ఎర్రన తన రాజుకు ఇవ్వలేదు. హరివంశాన్ని వేమారెడ్డికి అంకితమిచ్చిన కవే, అరణ్యపర్వశేషాన్ని మాత్రం ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. మూడు శతాబ్దాల కిందట పోయిన రాజును ఎదురుగా కూర్చున్నవాడిలాగే సంబోధించాడు. ఆ రాజు వినడు, బహుమానం ఇవ్వడు, ఆ సంగతి ఎర్రనకు తెలియనిది కాదు. నన్నయ ఎవరితో మాట్లాడుతున్నాడో అటువైపు ముఖం తిప్పితే తప్ప నన్నయ గొంతు పట్టుబడదని ఆయనకు తెలుసు. ఒకరి మాట అందుకోవాలంటే వాళ్లు ఎవరికి చెబుతున్నారో ముందు చూడాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఆ పర్వం ముగింపులో తన గురించి తానే మూడో మనిషిలా చెప్పుకున్నాడు: నన్నయ కవితారీతి కొంత తోచేలా, ఆయన రచనే అన్నట్టుగా, ఎర్రన ఈ శేషం పూరించాడు అని. ‘కొంత’ అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ రెండు పద్యాల మధ్య మెలి అంత నేర్పుగా వేసినవాడు, మొత్తం తోచేలా అని చెప్పుకున్నా అడిగేవాడు లేడు. ఆయన కొంత అన్నాడు. దాన్ని వినయం అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పని చేసినవాడు చూసి చెప్పిన కొలత అది. ఒక మనసులోంచి ఇంకో మనసులోకి ఎంత దిగగలమో, దిగి వచ్చినవాడు చెబుతున్నాడు.

ఎర్రనకు రెండో కొస కూడా ఉందని మనం తరచు మరిచిపోతాం. ఆయన మొదలుపెట్టవలసిన చోటు నన్నయ చెప్పి పోతే, ముగించవలసిన చోటు తిక్కన ముందే రాసి పెట్టాడు. రెండు గొంతులకు నడుమ ఇరుకు చోట నడవాలి. నన్నయలా మొదలై తిక్కనలోకి నెమ్మదిగా జరిగాడని పండితులు చెప్పేది ఈ నడకనే. ఆ దారిలోనే ధర్మవ్యాధుడి కథ ఉంది, సావిత్రి ఉంది, యక్షుడి ప్రశ్నలున్నాయి. కొంగను చూపుతో కాల్చిన కౌశికుడు గడప ముందు నిలబడితే, ఎవరూ చెప్పకుండానే ఆ సంగతి ఎరిగిన ఇల్లాలూ ఉంది. చివరికి ఆ యక్షుడి రూపంలో వచ్చిన యముడు పాండవులకు వరమిస్తాడు: పదమూడో ఏట మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. పాండవులు తమ పేర్లు దాచుకుని వేరే పేర్లతో బతకడానికి బయలుదేరే చోట, నన్నయ పేరు మీద రాస్తున్న ఎర్రన కలం ఆపుతాడు. ఆ తర్వాతి పుట తిక్కనది.