మూతెడు మందు

పోయిన వేసవిలో ఇంటి వెనక రెండు సెంట్లలో ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి టమాటా పెట్టాను. మిరప నారు కోసం కట్టిన వల అది. గ్రీన్‌హౌస్ అని గొప్పగా చెప్పుకునేది నేనొక్కణ్ణే. మొక్కలు పురికొసలు పట్టుకుని నా భుజం దాటాయి. పూత గుత్తులుగా వచ్చింది. నాలుగు రోజులకు కాడల దగ్గర పసుపు తిరిగి, నేలంతా రాలింది.

మిరప వేసినవాడికి పూత రాలడం కొత్తా? చెయ్యి దానంతటదే పూత నిలిపే ప్లానోఫిక్స్ సీసా వైపు పోయింది. పొదిలిలో మందుల కొట్టు కుర్రాడు, "ట్యాంకుకి మూతెడు పొయ్యన్నా, పిందె నిలబడకపోతే నన్నడుగు" అన్నాడు. పోశాను.

పిందె నిలబడింది, వాడి మాట తప్పలేదు. కాకపోతే చిగురాకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. కాయలు పలకలు తేలి, చేతికి తేలిగ్గా తగిలాయి. కోస్తే లోపలి గదులు ఖాళీ. గుజ్జు లేదు, గింజ లేదు. మా ఆవిడ ఒక చెక్క పట్టుకుని, "ఇది పప్పులోకా, పిల్లలు ఆడుకోవడానికా?" అంది.

అప్పుడు కూర్చుని లెక్క చూశాను. ఆ సీసాలో నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం నూటికి నాలుగున్నర పాళ్లు. మిరపకు చెప్పే మోతాదు 4.5 లీటర్ల నీళ్లకు 1 మిల్లీలీటరు. అంటే లీటరు నీళ్లలో అసలు మందు 10 మిల్లీగ్రాములు. 16 లీటర్ల ట్యాంకుకి మూడున్నర మిల్లీలీటర్లు చాలు. మూతను సిరంజితో కొలిస్తే పది పట్టింది!

మామూలుగా పువ్వు కట్టాక పుట్టే గింజలే ఆక్సిన్ అనే హార్మోను తయారుచేసి పిందెను కాడకు పట్టి ఉంచుతాయి. మనం చల్లేది ఆ గింజల దొంగ సంతకం. మొక్క నమ్మి కాయ కడుతుంది, లోపల ఎవరూ ఉండరు. యూరియా గుప్పెడు ఎక్కువైతే ఎలాగో ఓర్చుకునే మొక్క, దీన్ని తట్టుకోలేదు. కలుపును చంపే టూ ఫోర్ డీ కూడా ఈ కోవదే. లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములైతే టమాటా పిందెను నిలబెడుతుంది. అదే మందు కొట్టిన ట్యాంకును సరిగా కడక్కుండా పత్తికి వాడితే ఆకులు బెండాకుల్లా చీలిపోతాయి. దాన్ని తెగులనుకుని ఇంకో మందు కొట్టినవాళ్లను నేనెరుగుదును.

అసలు తప్పు వేళది, వలది. రాత్రి వేడి 21 డిగ్రీలు దాటేకొద్దీ టమాటా కాపు తగ్గుతుంది. పొదిలిలో మే నెల రాత్రి ఎలా ఉంటుందో మిద్దె మీద పడుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా వల గాలిని ఆపేసింది. టమాటా పువ్వులో పుప్పొడి ఒక గొట్టం లోపలుంటుంది, ఊపితేనే రాలుతుంది. మన తేనెటీగకు ఆ విద్య రాదు. నల్ల తుమ్మెదకు వచ్చు. పువ్వును కరుచుకుని ఒళ్లంతా ఝుమ్మని వణికిస్తుంది. కవులు దాన్ని తామరల చుట్టూ తిప్పారు గాని, దాని పనితనం చూడాలంటే వంగతోటకు పోవాలి. ఐరోపాలో గాజు ఇళ్ల రైతులు 1980ల చివరిదాకా పూలను కరెంటు పుల్లతో కదిలించి, ఆ తర్వాత ఈ విద్య తెలిసిన బంబుల్ ఈగల పెట్టెలు కొనడం మొదలెట్టారు. నా వలలోకి తుమ్మెద దూరే సందే లేదు.

అక్టోబరులో మళ్లీ నాటాను. ఈసారి పక్కల వల ఎత్తి కట్టాను. పూత మొదలయ్యాక రోజూ పొద్దున మంచు ఆరగానే వెళ్లి పురికొసలను ఒక్కొక్కటే వేలితో మీటుతున్నాను. సీసా గూట్లోనే ఉంది. మిరపకు అవసరమైతే తీస్తాను. దాని మెడకు సిరంజి కట్టి పెట్టాను.