విప్పి చూస్తే తెలిసే పనితనం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి ట్రాప్, స్కీట్ పోటీలకు బయల్దేరే షూటర్ల సామానులో ఒక గట్టి పెట్టె ఉంటుంది. పొడవు మూడడుగులకు అటూ ఇటూ. అందులో ఉన్న పన్నెండు బోరు తుపాకి బిగిస్తే మాత్రం నాలుగడుగులవుతుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా, నిమిషమైనా పట్టకుండా అది మూడు ముక్కలుగా విడిపోతుంది. బ్యారెళ్లు ఒకటి. వాటి కింద ఎడమచేత్తో పట్టుకునే ఫోరెండ్ ఇంకొకటి. ట్రిగ్గర్, తాళాలు ఉండే యాక్షన్‌తో కలిసిన స్టాక్, అంటే కర్రభాగం, మూడోది.

తుపాకి చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి. ఖాళీగా ఉండాలి. లైసెన్సు చూపించి ముందే చెప్పాలి. తూటాలు మనిషికి 5 కిలోలకు మించకూడదని విమానయాన నిబంధన. పోటీ తూటాలో సీసపు రవ్వలే 24 గ్రాములు. గుల్ల, మందు, ప్లాస్టిక్ వ్యాడ్ కూడా కలుపుకుంటే ఐదు కిలోలకు నూట ముప్పై వస్తే ఎక్కువ. ట్రాప్ అర్హత పోటీలో 125 క్లేలు, అంటే గురికోసం గాల్లోకి విసిరే బిళ్లలు, ఎగురుతాయి. ఒక్కోదానికి రెండు తూటాలు పేల్చవచ్చు. కాబట్టి వెంట తీసుకెళ్లినవి చాలవు, పోటీ జరిగే ఊళ్లో కొనుక్కోవలసిందే. తూటాలు అలా ఎక్కడైనా దొరుకుతాయి. తుపాకి సంగతి వేరు. ఒకరి ముఖానికి, భుజానికి కుదిరింది ఇంకొకరికి కుదరదు. ఈ కుదురు అనేదాన్ని అర్థం చేసుకోవడమే కొత్తగా తుపాకి పట్టేవారి మొదటి చదువు. ఆ వస్తువులోని పనితనమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వేట పోయింది, తుపాకి మిగిలింది

ఈ తుపాకి పుట్టింది వేట కోసం. హైదరాబాద్ రాజ్యంలో షికారు ఎంత ఆర్భాటంగా సాగేదో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు చూస్తే తెలుస్తుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండకు వచ్చి పులిని చంపి, దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో వాటిలో బాగా తెలిసినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట ముగిసింది. నిజాంల షికారుకు పనికొచ్చిన వనస్థలిపురం అడవి ఇవాళ మహావీర్ హరిణ వనస్థలి, కృష్ణజింకల నెలవు. 2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర చిరుత కనిపిస్తే అటవీశాఖవాళ్లు కెమెరాలు బిగించి, బోన్లు పెట్టి, మే మొదటివారంలో ప్రాణాలతో పట్టుకున్నారు. నూరేళ్ల కిందట అదే కబురు వస్తే ఊళ్లో ఎన్ని తుపాకులు బయటికొచ్చేవో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నేర్చుకునేవాళ్లకు గురి ఎగిరే క్లేలే. విమానాశ్రయం నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి వైపు వెళ్తే, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన షూటింగ్ రేంజ్ ఉంది. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జొరావర్ సింగ్ సంధు, పృథ్వీరాజ్ తొండైమాన్‌లతో కలిసి 361 పాయింట్లతో జట్టు స్వర్ణం గెలిచాడు, విడిగా కాంస్యమూ తెచ్చుకున్నాడు. ఆ జట్టు చేతుల్లోని తుపాకి వేట తుపాకికి సొంత బిడ్డే. తాళం, గొట్టం, కర్ర అన్నీ ఆ వంశానివే.

మసి చెప్పే లెక్క

యాక్షన్ పైనున్న చిన్న మీటను బొటనవేలితో కుడివైపు నెడితే, బ్యారెళ్లు ముందున్న ఇరుసు మీద కిందికి వాలతాయి. తూటాలు ఉండే గదులు రెండూ కళ్లముందే తెరుచుకుంటాయి. రేంజ్‌లో కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే. తుపాకి ఎవరికి అందించినా, ఎవరి దగ్గర అందుకున్నా, ముందు తెరిచి చూపించాలి. సేఫ్టీ బటన్ ఉంది కదా అనే మాట అక్కడ చెల్లదు. చాలా తుపాకుల్లో ఆ బటన్ ట్రిగ్గర్‌ను కదలకుండా ఆపుతుందే తప్ప లోపల ఎక్కుపెట్టి ఉన్న సుత్తిని పట్టుకోదు. చాలా ట్రాప్ తుపాకులకైతే ఆ బటనే ఉండదు. తెరిచి చేతి మీద వేసుకున్న తుపాకి పేలదని మాత్రం పది గజాల దూరంలో ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది. తన పరిస్థితిని దాచుకోలేని యంత్రంగా దాన్ని తీర్చిదిద్దారు. ఆ నేర్పరితనం మెచ్చుకోదగ్గది.

ఆ తెరవడంలోనే ఇంకో పని కూడా ఇమిడి ఉంది. 1875లో బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థకు చెందిన ఆన్సన్, డీలీ ఒక ఏర్పాటు కనిపెట్టారు. బ్యారెళ్లు కిందికి వాలుతున్నప్పుడే వాటి బరువు లోపలి సుత్తుల్ని వెనక్కి నెట్టి ఎక్కుపెడుతుంది. అంతకుముందు చాలావరకు ప్రతిసారీ బొటనవేలితో సుత్తిని లాగాల్సి వచ్చేది. దాని తర్వాత తూటా మార్చుకోవడం, ఎక్కుపెట్టడం ఒకే కదలికగా మారాయి. మూశాక బ్యారెళ్లు కదలకుండా పట్టుకునే అడుగు బోల్టుకు 1863లో లండన్‌లో జేమ్స్ పర్డీ పేటెంటు తీసుకున్నాడు. పక్కపక్క గొట్టాల తుపాకుల్లో దాన్నే నేటికీ వాడుతున్నారు.

తూటా పేలినప్పుడు గదిలో పుట్టే ఒత్తిడి 740 బార్ దాకా ఉండవచ్చని యూరప్ ప్రమాణం. దాన్ని మోయాల్సింది బ్యారెల్ వెనక ముఖం, యాక్షన్ ముఖం కలిసే చోటు. అక్కడ సందు ఉండకూడదు. మరీ బిగిసినా మూతపడదు. పాతకాలం పనివాడు దీపం పొగలో బ్యారెల్ కింది ముక్కను మసిబార్చి, తుపాకి మూసి, మళ్లీ తెరిచి చూసేవాడు. మసి చెరిగిన చోటు తగులుతున్నట్టు. అక్కడ ఆకురాయితో ఒకటి రెండు లాగులు లాగి మళ్లీ మసి, మళ్లీ మూత. ముఖం మొత్తం ఒక్కలా మసి చెరిగేదాకా అదే పని. ఇవాళ యంత్రాలు మిల్లీమీటరులో వందోవంతు లెక్కకు చెక్కుతున్నా, ఖరీదైన తుపాకుల్లో చివరి సరిపోత ఇప్పటికీ మసితోనే, చేత్తోనే జరుగుతుంది.

ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో 1957లో మొదలైన పెరాజీ సంస్థ ఈ తుపాకికి ఇంకో తెలివి జోడించింది. 1964 టోక్యో ఒలింపిక్స్ ట్రాప్ విజేత ఎన్నియో మత్తారెల్లితో కలిసి 1968 మెక్సికో క్రీడల కోసం తయారుచేసిన ఎంఎక్స్8లో ట్రిగ్గర్ యంత్రం మొత్తం ఒక్క ముక్కగా చేతిలోకి ఊడి వస్తుంది. పోటీ మధ్యలో స్ప్రింగు విరిగితే ఇంకోటి తొడిగి కొనసాగవచ్చు. కొత్తవాళ్లకు దాని లాభం వేరే ఉంది. సుత్తి, దాన్ని ఆపి ఉంచే సియర్, స్ప్రింగు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో అరచేతిలో కనిపిస్తుంది. సియర్ కొస సుత్తి గాట్లో ఆనుకునే మేర వెంట్రుకవాసి. ట్రిగ్గర్ బరువు, తడబాటు లేకుండా తెగడం, ప్రమాదవశాత్తు జారకుండా ఉండడం, ఈ మూడూ ఆ వెంట్రుకవాసి మీదే ఆధారపడ్డాయి.

కన్నే వెనక సైటు

రైఫిల్‌కు రెండు గురి గుర్తులుంటాయి, ముందొకటి, వెనకొకటి. షాట్‌గన్‌కు, అంటే ఈ పన్నెండు బోరు తుపాకికి, సాధారణంగా ముందు చిన్న పూస మాత్రమే. వెనక సైటు షూటర్ కన్నే. చెంప కర్ర మీద ఆనే తీరులో తేడా వస్తే సైటు మారినట్టే. లెక్క వేసి చూద్దాం. కంటికి, పూసకు మధ్య దూరం మీటరుకు కాస్త తక్కువ. చెంప మూడు మిల్లీమీటర్లు పైకి ఆనితే 36 మీటర్ల దూరంలో రవ్వల గుంపు దాదాపు 11 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎగిరే క్లే అడ్డం 11 సెంటీమీటర్లే. అందుకే వాల్‌నట్ కర్రను పొడవు, వంపు, పక్కకు ఒరుగు కొలిచి మనిషికి తగ్గట్టు చెక్కుతారు. నేర్చుకునేవాళ్లు అద్దం ముందు ఖాళీ తుపాకి భుజానికెత్తి, కళ్లు మూసి చెంప ఆనించి, తెరిచి చూసుకోవడం సాధన చేసేది ఇందుకే. తెరవగానే కన్ను గొట్టాల మీద పొడవునా ఉండే పట్టీకి సూటిగా ఉందంటే కర్ర కుదిరినట్టు.

గొట్టం మూతి దగ్గరి చోక్ ఇంకో సూక్ష్మం. పన్నెండు బోరు లోపలి అడ్డం 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గర దాన్ని ఒక్క మిల్లీమీటరు ఇరుకు చేస్తే రవ్వల గుంపు స్వభావమే మారిపోతుంది. ఇరుకు లేని గొట్టం 40 గజాల దూరంలో 76 సెంటీమీటర్ల వలయంలో 40 శాతం రవ్వల్ని వేస్తే, ఫుల్ చోక్ 70 శాతం వేస్తుంది. తూటాలో ఉండే మూడువందల రవ్వల్లో తొంభై అటో ఇటో తేల్చేది ఆ ఒక్క మిల్లీమీటరే.

రైఫిల్ చేసే వేరే పని

రైఫిల్‌లో ఒక్కటే గుండు. దాన్ని గిరగిరా తిప్పి పంపడానికి గొట్టం లోపల మెలికల గాళ్లు కోస్తారు. .22 రైఫిల్‌లో సాధారణంగా 40 సెంటీమీటర్లకు ఒక చుట్టు. యాభై మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లు. గుండు బయటపడే చివరి అంచును క్రౌన్ అంటారు. అక్కడ గోరు గీతంత చిన్న దెబ్బ తగిలినా వాయువులు ఒకవైపు ముందు తప్పించుకుని గుండును పక్కకు నెడతాయి. అందుకే రైఫిల్‌ను వెనకనుంచే, గైడ్ పెట్టి తుడవాలని నేర్పుతారు. మూతినుంచి కడ్డీ తోస్తే ఏళ్ల తరబడి జరగాల్సిన హాని ఒక్క నెలలో అయిపోతుంది.

మన దేశంలో పాత వేటగాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315. సైన్యం వాడే కొలతలు పౌరులకు నిషిద్ధం కాబట్టి ఆ కొలత ఇక్కడ వాడుకలోకి వచ్చింది. దాని బోల్టు లీ-ఎన్‌ఫీల్డ్ వంశానిది. ముందుకు నెడుతున్నప్పుడు చివర్లో స్ప్రింగు ఎదురు తిరుగుతుంది, అక్కడే ఎక్కుపెడుతుంది. ఆ కుటుంబపు రైఫిల్ చేతికొస్తే ముందు చూడాల్సింది బోల్టు మీద అంకె, రైఫిల్ మీద అంకె ఒకటేనా అని. బోల్టును ఆ గొట్టానికే సరిచేసి ఉంటారు. వేరేదాని బోల్టు తొడిగితే వెనక సందు పెరిగి తూటా గుల్ల పగిలే ప్రమాదం ఉంది. డబుల్ బ్యారెల్‌లో మసి చెప్పే సంగతినే ఇక్కడ అంకె చెబుతోంది.

తుడవడం అంటే

ఫ్యాక్టరీలో ఒకసారి జరిగిన సరిపోతను చెడకుండా చూసుకోవడమే మెయింటెనెన్స్. పెద్ద రహస్యమేం లేదు. రోజు ముగిశాక గొట్టంలో ఫాస్ఫర్ కంచు బ్రష్ తోసి, ప్లాస్టిక్ పొర, మసి, చోక్ దగ్గర పేరుకున్న సీసం తీసేస్తారు. చెమట చేతులు తగిలిన ఇనుమంతా నూనె గుడ్డతో తుడుస్తారు. ఇరుసుకు గ్రీజు చాలా పల్చగా రాస్తారు. ఎక్కువైతే దుమ్ము పట్టి అదే ఆకురాయి అవుతుంది. హైదరాబాద్ వానాకాలంలో తోలు ఒరలో పెట్టి నెలలు వదిలేస్తే తేమ లోపలే ఉండి తుప్పు పడుతుంది. నిలబెట్టాల్సి వస్తే మూతి కిందికి పెట్టడం మేలు. లేకపోతే నూనె జారి కర్ర తలలోకి ఇంకి, యాక్షన్ ఆనే చోట మెత్తబడుతుంది.

అరుగుదలను కూడా తుపాకి దాచుకోదు. కొత్త తుపాకి మూస్తే పై మీట నడిమికి కాస్త కుడిపక్కన ఆగుతుంది. లోపలి బోల్టు అరిగేకొద్దీ అది నడిమికి వస్తుంది, ఇంకా అరిగితే ఎడమకు పోతుంది. ఫోరెండ్ తీసేసి మూసిన తుపాకిని దీపానికి ఎదురుగా పట్టుకుంటే ముఖాల మధ్య వెలుగు కనబడకూడదు. బ్యారెళ్లను కొక్కెం దగ్గర వేలికి తగిలించి కర్రముక్కతో తడితే గుడిగంటలా మోగాలి. బోలుగా, చచ్చుగా వినిపిస్తే పట్టీ అతుకు ఎక్కడో విడిపోయిందని అర్థం.

ఏది ఉంచుకోవాలి?

ఈ చదువు అక్కరకొచ్చే సందర్భం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. 2019 ఆయుధ చట్ట సవరణతో ఒక్కొక్కరికి ఉండే తుపాకుల పరిమితి మూడు నుంచి రెండుకు తగ్గింది. గుర్తింపు ఉన్న షూటర్లకు వెసులుబాటు ఉన్నా, మిగతావాళ్లు తాతల నాటి మూడోదాన్ని పోలీసు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. కొన్ని ఇళ్లలో పాత డమాస్కస్ బ్యారెళ్లుంటాయి, వెండి చెక్కడంతో, మెలితిరిగిన అలల నగిషీతో. పేరు డమాస్కస్ అయినా, ఆ పేరున్న కత్తుల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన మన నిజామాబాద్ కోనసముద్రం ఉక్కుకూ ఈ బ్యారెళ్లకూ సంబంధం లేదు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలివేసి, చుట్టి, అతికిన గొట్టాలివి. నల్ల తుపాకిమందు కాలానివి. నేటి తూటా వేస్తే చీలిపోవచ్చు. చూసుకోవడానికే తప్ప పేల్చడానికి పనికిరావు.

మూడింట్లో ఏవి ఉంచుకోవాలా అని తేల్చుకునేటప్పుడు చాలామంది మొదట చెక్కడం చూస్తారు. ముందు మీట ఎటు ఆగిందో చూడండి, వెలుగుకు పెట్టి చూడండి, గొట్టాలు తట్టి వినండి. నగిషీ లేని సాదా బర్మింగ్‌హామ్ తుపాకి అయినా సరే, నూరేళ్ల తర్వాత కూడా సందు లేకుండా మూతపడుతుంటే, దాన్నే ఉంచుకోండి.