ఇల్లు పోతూ దొరికిన పేరు

"ఐపీ పెట్టాడు" అన్న మాట తెలుగునాట అందరికీ తెలుసు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట ఎప్పుడో మన ఇళ్లలోకి వచ్చి తెలుగైపోయింది. గమనించారా, ఈ మాటకు కర్త దాదాపు ఎప్పుడూ మగవాడే!

మన దగ్గర వ్యక్తుల దివాలాకు ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016 దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, 2019 డిసెంబర్ నుంచి, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో మాత్రమే అమలవుతోంది. దివాలా తీసిన మనిషికి ఏం మిగలాలో చెప్పే పనిని పాత చట్టం 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌కు వదిలింది. ఆ జాబితాను కథ చదివినంత శ్రద్ధగా చదవాలి. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు. రైతు, కూలీ, ఇంటి పనివారు తాము ఉంటున్న సొంత ఇంటికి మినహాయింపు ఉంది. చిన్న ఉద్యోగి ఇంటికి, దుకాణదారు ఇంటికి లేదు. వంట, పడక, తాళి: భార్యగా ఆమెకు కావలసినవన్నీ ఉంచారు. వాటిని పెట్టుకోవడానికి చోటు మాత్రం ఉంచలేదు.

తాకట్టులో ఉన్న ఇంటినైతే ఐపీ కూడా కాపాడదు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు దగ్గరగా పెరిగిన మా బోడుప్పల్‌లో నూటయాభై గజాల్లో ఇల్లు కట్టాలంటే మధ్యతరగతికి బ్యాంకు అప్పే దిక్కు. ఆ అప్పు మొండిబకాయి అయితే 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసిస్తుంది. ఆ తర్వాత కోర్టు తీర్పు అక్కర్లేకుండానే స్వాధీన ప్రకటనను తలుపుకు అంటిస్తుంది, రెండు పత్రికల్లో వేయిస్తుంది. వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. కనుక ఇది తెలుగులో అచ్చయ్యే రచనే. దాన్ని నేను అలాగే చదువుతాను. సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజాలు, నాలుగు దిక్కుల హద్దులు. పెరట్లో కరివేపాకు చెట్టు లేదు, బట్టలుతికే బండ లేదు. ఏళ్ల తరబడి చేసిన చాకిరీకి ఆ భాషలో మాటే లేదు. అయినా చాలాసార్లు ఆమె పేరు ఉంటుంది: సహ ఋణగ్రహీత, ఫలానావారి భార్య.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోయింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లి చివరకు స్నేహితురాలి నోట విన్నది. ఇల్లు ఉండి పేరు పోయిన స్త్రీ కథ అది. ఈ ప్రకటన దానికి తిరగేసిన కథ. ఇక్కడ ఇల్లు పోతూ పేరు దొరుకుతోంది! ఉన్నన్నాళ్లూ అది ఆయన ఇల్లు, అప్పు దగ్గరకొచ్చేసరికి ఇద్దరిదీ.

కాగితం మీద పేరు ఎక్కితే ఆస్తి చేతికొచ్చినట్టేనని మనమూ కొంత నమ్మాం. ఆదాయం, నిర్ణయం ఆమె చేతిలో లేనప్పుడు ఆ సంతకం బరువే తప్ప హక్కు కాదు. 2005 గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కు కూడా ఆమెను భర్త వెళ్లగొట్టకుండా కాపాడేదే గాని, తాకట్టు పట్టిన బ్యాంకును ఆపేది కాదు.

ఇంటిచాకిరీకి విలువ కట్టమని ఇన్నాళ్లుగా అడుగుతున్నాం. ఆ విలువ అప్పు లెక్కలో ఎందుకు జమ కాదో కూడా అడగాలి. సంతకానికి ముందు అప్పు పత్రం ఆమెకు విడిగా, ఆమె భాషలో చదివి చెప్పాలని అడగాలి. దివాలా జాబితాలో వంటపాత్రల పక్కన వంటిల్లు ఎందుకు లేదో అడగాలి. ఈ ప్రశ్నలు వకీళ్లకు వదిలేసేవి కావు. ఎవరి శ్రమకు భాషలో మాట లేదో కనిపెట్టడం మొదటినుంచీ మన పనే కదా!