ఇద్దరు ఆడవాళ్ళు హోటల్‌కి వెళ్తే

తెలుగు సాహిత్యంలో బయట భోజనం చేయడం గురించి మాట్లాడుకోవాలంటే క్రీడాభిరామంతో మొదలుపెట్టాలి. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద మనకు దక్కిన ఈ రచనలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వాడలన్నీ తిరుగుతారు. చూడాల్సినవి చూస్తారు, చూడకూడనివీ చూస్తారు. ఆకలేస్తే పూటకూళ్ళ ఇంట్లో ఒక రూక ఇచ్చి భోంచేస్తారు. రూకకి అక్కడ ఏమేం వడ్డిస్తారో చెప్పే పద్యం ఒకటుంది. అన్నం, నెయ్యి, పప్పు, పళ్ళు, కూరలు, పెరుగు... సుమారు ఆరువందల ఏళ్ళ నాటి మెనూకార్డు అది. ఆ పుస్తకంలోని శృంగారం గురించి పండితులు కావలసినంత రాశారు. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఆ ఇద్దరి తీరిక మీద అసూయ కలుగుతుంది. ఎక్కడికి పోతున్నారు, ఎప్పుడొస్తారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని వాళ్ళను అడిగేవాళ్ళు లేరు.

ఇదే దారిలో ఇంకొంచెం ముందుకొస్తే కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ కనిపిస్తుంది. ఆమెకు పేరు కూడా లేదు, వృత్తే పేరు. వితంతువు. ఊళ్ళోవాళ్ళకి అన్నం వండిపెట్టి బతుకుతుంది. గిరీశం ఆమె తిండి తిని, ఆమె డబ్బుతోనే జల్సా చేస్తాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చిన సన్నివేశానికి నూరేళ్ళకు పైగా నవ్వుతూనే ఉన్నాం. అన్నం అమ్ముకునే ఆడదాని శీలం గురించి అందరూ మాట్లాడవచ్చు, అన్నం కొనుక్కునే మగవాడి శీలం మాత్రం ఎవరికీ పట్టదు. మన సాహిత్యంలో ఈ పని విభజన చాలాకాలం అలాగే ఉండిపోయింది. వీధిలో తినేవాడు మగవాడు. ఆడది ఇంట్లోనో పూటకూళ్ళ ఇంట్లోనో వడ్డించేది.

స్త్రీవాదం వచ్చాక ఏం జరిగింది? వంటింటిని మనం దులిపి పెట్టాం. 1993లో వోల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' నాటికే విమల 'వంటిల్లు' కవిత ఎంతమంది ఆడవాళ్ళకు నోటికి వచ్చేసిందో మనకు తెలుసు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిపనిలో పడి తన పేరే మర్చిపోతుంది. అన్నపూర్ణ, అమృతహస్తం లాంటి మాటల వెనుక దాక్కున్న చాకిరీని ఈ రచనలు బయటికి లాగాయి. అవసరమైన పనే, ఆ పని ఇంకా పూర్తి కూడా కాలేదు. కానీ వంటింట్లోంచి బయటికి వచ్చిన ఆ స్త్రీ ఎక్కడ కూర్చుంది? ఎవరు వండింది తింది? ఏం కావాలని అడిగింది? నేను చదివినంతలో ఈ ప్రశ్నలకు జవాబిచ్చే కథలు చాలా అరుదు. మన కథల్లో ఆడవాళ్ళు ఉద్యోగాలు చేశారు, ఉద్యమాల్లోకి వెళ్ళారు, విడాకులు తీసుకున్నారు. ఇద్దరు స్నేహితురాళ్ళు మధ్యాహ్నం పూట హోటల్లో కూర్చుని కడుపునిండా తిని, రెండు గంటలు ముచ్చటపెట్టి, బిల్లు కట్టి ఇంటికి వెళ్ళిన కథ మాత్రం దొరకదు. 'అందులో కథేముంది' అని సంపాదకులు అడుగుతారేమో! మంచనశర్మ, టిట్టిభసెట్టిల్ని ఎవరూ అడగలేదు మరి.

వర్జీనియా వుల్ఫ్ 1929 నాటి పుస్తకాన్ని మనందరం సొంత గది కోసం గుర్తుపెట్టుకున్నాం. ఆ పుస్తకం మొదట్లోనే రెండు భోజనాలున్నాయి. మగవాళ్ళ కాలేజీలో మధ్యాహ్నం చేపలు, కౌజులు, ద్రాక్షసారా. ఆడవాళ్ళ కాలేజీలో రాత్రికి పలచటి సూపు, గొడ్డుమాంసం, ఆలుగడ్డలు, ఎండుపళ్ళ ముద్ద, మంచినీళ్ళు. మొదటి బల్ల దగ్గర మాటలు వాటంతటవే సాగాయి, రెండో బల్ల దగ్గర ఆలోచన సాగలేదు. ఆమె వాదమంతా ఆ ప్లేట్ల మీద నిలబడింది. మనం గదిని తెలుగులోకి తెచ్చుకుని భోజనాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. మన సెమినార్లలో ఆ పుస్తకం గురించి పత్రాలు చదివిన రోజున కూడా భోజన విరామంలో వడ్డన ఎవరు చూసుకుంటారో చెప్పక్కర్లేదు.

ఇక్కడ 'ఆడవాళ్ళు' అంటే ఎవరు అని అడగాల్సి ఉంది. దళిత బహుజన రచయిత్రులు ఈ ప్రశ్న ఎప్పుడో వేశారు. జాజుల గౌరి 'మన్నుబువ్వ' 2004లో వచ్చింది. జూపాక సుభద్ర, గోగు శ్యామల రాసినవీ మన ముందున్నాయి. పొలంగట్టు మీద సద్దిమూట విప్పి పది మందిలో కూర్చుని తినే ఆడవాళ్ళకు, తాటిచెట్ల కింద మగవాళ్ళతో సమానంగా కూర్చుని కల్లు తాగే ఆడవాళ్ళకు ఇంటిబయట తినడం కొత్త స్వేచ్ఛ ఏమీ కాదు. వాళ్ళకు మూసిన తలుపు వేరు. ఊరి హోటల్లో వేరే గ్లాసు పెట్టి, తాగాక దాన్ని వాళ్ళచేతే కడిగించిన చరిత్ర మనది. కాబట్టి 'వంటింటి నుంచి కేఫ్‌కి' అని ఒకే గీత గీస్తే అది ఒక వర్గపు, కొన్ని కులాల గీత అవుతుంది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, కరీంనగర్‌లో ఇప్పుడు ఆ తలుపులు రెండూ కొంచెం కొంచెం తెరుచుకుంటున్నట్టు కనబడుతోంది. మా చిన్నప్పుడు హోటలంటే మగవాళ్ళ జాగా. ఫ్యామిలీ సెక్షన్ అని పక్కకి పరదాలు కట్టిన గదులుండేవి. ఆ ఫ్యామిలీ అన్న మాటను పదం పదంగా విప్పి చదవాలి. భర్తతో వచ్చిన స్త్రీ ఫ్యామిలీ. ఒక్కతే వచ్చిన స్త్రీ కాదు. ఇద్దరం వెళ్తే, 'ఇంకెవలన్న వస్తరా మేడం?' అని అడిగేవాళ్ళు. మేం ఇద్దరం కలిసి ఒక సంఖ్య కాము! ఇప్పుడు గీతాభవన్ చౌరస్తా నుంచి మంకమ్మతోట దాకా నడిస్తే అద్దాల గోడల వెనుక కాలేజీ పిల్లలు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు కూర్చుని ఉంటారు. పరదా పోయి అద్దం వచ్చింది. లోపలివాళ్ళు బయటికి కనిపిస్తారు. అదే రక్షణ, అదే నిఘా కూడా. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే 2011లో బొంబాయి గురించి రాసిన 'వై లాయిటర్'లో చెప్పినట్టు, పనేమీ లేకుండా వీధిలో నిలబడే హక్కు ఆడవాళ్ళకు లేదు. డబ్బు పెట్టి కొన్నప్పుడే కూర్చునే వీలు దొరుకుతుంది. ఇక్కడి లెక్క ప్రకారం ఒక కోల్డ్ కాఫీ కొంటే ఒక గంట.

ఆ మెనూకార్డులు నాకు ఇష్టమైన పాఠ్యాలు. వైట్ సాస్ పాస్తా, పెరి పెరి ఫ్రైస్, మొమోలు, టాకోలు, కొరియన్ బన్, మండీ, షవర్మా, అమెరికన్ చాప్‌సుయ్, గోబీ మంచూరియా. పేరుకు ఆరు దేశాలున్నాయి గానీ సగం వాటి మీద పోసేది ఒకటే మయొనీజ్. 2024 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు దేశాలన్నీ ఒకేసారి చిక్కులో పడ్డాయి. మంచూరియా సంగతి సరేసరి. దానికీ ఆ ప్రాంతానికీ సంబంధం లేదు. 1970లలో బొంబాయిలో నెల్సన్ వాంగ్ కోడిమాంసంతో చేసిన వంటకం ఊరూరా తిరిగి మన దగ్గర గోబీ అయింది. బేకరీల్లోనూ అంతే. 'బెంగళూరు అయ్యంగార్' అని బోర్డు పెట్టుకున్న దుకాణంలో ఎగ్ పఫ్ అమ్ముతారు. ఇదంతా ప్రపంచీకరణ మోజు అని కొట్టిపారేసే వ్యాసాలు మనం చాలా చదివాం, కొన్ని రాశాం కూడా. నాకు ఆ వ్యాసాలు ఇప్పుడు చాలవనిపిస్తుంది. ఎందుకంటే ఇంట్లో ఏం వండాలో భర్త, అత్త, పిల్లలు నిర్ణయించిన ఒక స్త్రీ నలభై పేర్లున్న జాబితా ముందు కూర్చుని, తనకేం కావాలో తానే వెతుక్కోవడం చిన్న విషయం కాదు. అది సంపాదించే వాళ్ళకే అందే అవకాశం అన్నది కూడా నిజమే.

మెనూలో నన్ను ఎక్కువగా ఆపేది మండీ. యెమెన్‌లోని హద్రమౌత్ వంటకం. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి ఉండే హైదరాబాద్ బార్కస్ నుంచి నగరమంతా పాకింది. అయితే కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలకు దానికి ఇంకో దారి ఉంది. దుబాయి, మస్కట్, సౌదీలకు ఇక్కడి మగవాళ్ళు దశాబ్దాలుగా పోతున్నారు. అక్కడ పది మంది ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్ళెంలో తిన్న అన్నం అది. సెలవు మీద వచ్చినవాళ్ళు దాని రుచి, పేరు ఇంటికి తెచ్చారు. అంటే ఈ 'అంతర్జాతీయ' మెనూ కార్పొరేట్ కంపెనీల ద్వారా మాత్రమే రాలేదు, వలస కూలీల నాలుక మీద కూడా వచ్చింది. ఆ కూలీల భార్యలు ఇక్కడ బీడీలు చుట్టి ఇల్లు గడిపారు. గల్ఫ్ వలస మీద పాటలున్నాయి, కథలున్నాయి. వాటిలో ఇక్కడున్న స్త్రీ ఎదురుచూస్తుంది, అప్పులవాళ్ళకు జవాబు చెప్తుంది, కొన్నిసార్లు శవపేటిక కోసం విమానాశ్రయానికి పోతుంది. ఆమె ఒక సాయంత్రం చెల్లెల్నో పక్కింటామెనో తీసుకుని మండీ తినడానికి పోదు. పోతే పాఠకుల సానుభూతి పోతుందని రచయితల భయమా?

మండీ నేల మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు. రెండు గ్లాసుల ఊళ్ళలోకి ఒకే పళ్ళెం వచ్చిందని సంబరపడాలని ఉంది. కానీ పళ్ళెం చుట్టూ కూర్చునేది ముందే కలిసి వచ్చినవాళ్ళే కదా. కొత్తవాళ్ళని అది కలపలేదు.

ఇక లోపల వండేదెవరు? ఇంట్లో వంట ఆడదాని ధర్మం. జీతం వచ్చేసరికి అది మగవాడి వృత్తి. టోపీ పెట్టుకున్న చెఫ్, మొమోలు చుట్టే కుర్రాడు, కౌంటర్ దగ్గర యజమాని, అందరూ మగవాళ్ళే. వెనకవైపు పీట మీద కూర్చుని గిన్నెలు తోముతున్నది ఆడమనిషి. కేఫ్‌లో కూర్చున్న మనకు ఆమె కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మన స్వేచ్ఛ కథ రాసేటప్పుడు ఆ చప్పుడు కూడా రాయాలి. దాన్ని రాస్తే మన ఆనందం పాడవుతుందని నేననుకోను. కాకపోతే కథ కొంచెం కష్టమవుతుంది.

ఈ మధ్య ఆడపిల్లలు రాసిన కథలు కొన్ని చదివాను. కేఫ్ వచ్చిన ప్రతి కథలోనూ ఒక ప్రేమికుడో మోసగాడో ఉన్నాడు. లేకపోతే ఫొటో తీసి తండ్రికి పంపే బంధువు ఉన్నాడు. పాస్తా ఎవరూ రుచి చూడలేదు. ఉప్పు తక్కువైందని ఒక్క అమ్మాయీ అనలేదు. పిల్లలు బల్ల దగ్గర కూర్చున్నారు గానీ కథ వాళ్ళని తిననివ్వలేదు. శిక్ష పడకుండా ఒక ఆడపిల్ల సంతోషంగా తినే వాక్యం రాయడం మనకింత కష్టంగా ఎందుకుందో విమర్శకులు ఆలోచించాలి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. పల్లెల నుంచి కరీంనగర్ బస్టాండ్‌కి రావడం తేలికైంది. దిగినాక కూర్చునే చోటు సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. 2024లో మొదలైన మహిళా శక్తి క్యాంటీన్లలో నడిపేవాళ్ళు ఆడవాళ్ళు. తినేవాళ్ళు ఎవరన్నది లెక్కపెట్టి చూడాలి.

ఆదిలాబాద్‌లో ఇంకో రకం మెనూ ఉంది, దానికి కార్డు లేదు. మహారాష్ట్ర పక్కనే కాబట్టి పొద్దున పోహా, వడాపావ్. సాయంత్రమైతే రోడ్ల పక్కన పొయ్యిలు పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళు. అక్కడికి ఉట్నూరు ఎంతో దూరం లేదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఇప్పుడు పేరుపొందాయి. రక్తహీనతకు మంచిదని ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ ఇస్తున్నారు. ఇప్పపువ్వును సారాకే ముడిపెట్టి ఆదివాసుల్ని తక్కువగా మాట్లాడినవాళ్ళే దాన్ని పెట్టెలో పెట్టి అమ్మితే కొనుక్కుంటున్నారు.

రొట్టెలు చేసే ఒకావిణ్ణి, బయట ఎప్పుడైనా తిన్నావా అని అడిగాను. రొట్టె తిప్పుతూనే చెప్పింది.

'బేకరీల తిన్న. మా బిడ్డ ఇంటర్ పాసైనప్పుడు. ఇద్దరమే పోయినం. కూసోని ఎగ్ పఫ్ తిన్నం.'

ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

'తినుకుంట ఏం మాట్లాడ్తం? మంచిగనిపిచ్చింది. ఇంకొకటి తెప్పిచ్చుకున్నం.'